ఇద్దరు పంతులమ్మలు
(ముందుమాట)

ఈ పుస్తకంలో ఇద్దరు పంతులమ్మల జీవితాలు పక్కపక్కన ఉన్నాయి. ఒకరు జెట్టి ఈశ్వరీబాయి. సికింద్రాబాద్ చిలకలగూడలో 1918లో ఒక దళిత కుటుంబంలో పుట్టి, పరోపకారిణి పాఠశాలలో పాఠాలు చెప్పి, సొంతంగా గీతా విద్యాలయం నడిపి, ఎల్లారెడ్డి ప్రజల ఓట్లతో రెండుసార్లు శాసనసభలో అడుగుపెట్టిన మనిషి. ఇంకొకరు సెప్టిమా పాయిన్‌సెట్ క్లార్క్. అమెరికా దక్షిణాదిన చార్లెస్టన్ పట్నంలో 1898లో, బానిసత్వంలో పుట్టిన ఒక తండ్రికి బిడ్డగా పుట్టి, నలభై ఏళ్లు బడిలో చదువు చెప్పి, ఆ తర్వాత లక్షల మంది నల్లజాతి వాళ్ళ పేర్లు ఓటర్ల జాబితాలోకి ఎక్కడానికి బాట వేసిన మనిషి. వీళ్ళ దారులు ఎక్కడా కలవలేదు. కలిపింది ఈ రచయిత్రి.

ఈమె మా ప్రాంతపు జిల్లా పరిషత్ బడిలో సాంఘిక శాస్త్రం చెప్పే టీచరు. రాతప్రతి తెచ్చి నా చేతిలో పెట్టి, ‘సార్, మీరు నాలుగు మాటలు రాయాలె’ అన్నది. చదివినకొద్దీ నాలుగు మాటలతో సరిపెట్టే పుస్తకం కాదిదని తెలిసింది. మహనీయుల జీవిత చరిత్రలకు మన దగ్గర కొదవ లేదు. పుట్టిన తేదీ, చదివిన చదువు, చేసిన పదవులు, పోయిన తేదీ వరసగా ఉంటాయి. పుస్తకం మూసేసరికి ఆ మనిషి పొద్దున లేచి ఏం పని చేసేదో మాత్రం తెలియదు. ఈమె ఆ తోవ పట్టలేదు. పలక మీద మొదట ఏం రాయించారు, ఎవరి చేత రాయించారు, రాయడం వచ్చినవాళ్ళు తెల్లారి ఏ ఆఫీసు మెట్లెక్కి ఏం అడిగారు అన్న సంగతుల వెంట పడింది. బడికీ ప్రజాస్వామ్యానికీ ఉన్న చుట్టరికాన్ని ఇంత దగ్గర నుంచి చూపించిన తెలుగు పుస్తకం నేనింకొకటి చదవలేదు.

దళిత స్త్రీల రాజకీయ జీవితాల మీద తెలుగులో వచ్చిన పుస్తకాలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. టి.ఎన్. సదాలక్ష్మి గారి బతుకు కథను గోగు శ్యామల ‘నేనే బలాన్ని’గా 2011లో తెచ్చినప్పుడు, ఇన్నేళ్లు ఈ పని ఎందుకు జరగలేదని చాలామందికి అనిపించింది. ఆ కోవలో ఇది మరో అడుగు. ఇందులో రాజకీయ నాయకురాలి కంటే పంతులమ్మ ముందు నిలబడింది. అది నాకు బాగా నచ్చింది.

క్లార్క్ గారి కథ జాన్స్ ఐలాండ్ అనే దీవి బడితో మొదలవుతుంది. 1916. ఆమెకు అప్పటికి పద్దెనిమిదేళ్లు. చార్లెస్టన్ పట్నపు సర్కారు బడుల్లో నల్లజాతి టీచర్లకు కొలువు లేదు, నల్లపిల్లలకైనా సరే తెల్ల టీచర్లే చెప్పాలి. అందుకని ఆమె పట్నం వదిలి, సముద్రపు పాయల మధ్య ఉన్న ఆ దీవికి పడవెక్కి పోయారు. ప్రామిస్ ల్యాండ్ అనే ఆ బడిలో 132 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. రోడ్డుకు అవతల తెల్లపిల్లల బడి. అందులో ముగ్గురు పిల్లలు, ఒక టీచరు. 132 మందిని సాకే బడికి పెద్ద దిక్కయిన క్లార్క్ జీతం 35 డాలర్లు. ముగ్గురికి చెప్పే టీచరు జీతం 85. ఈ అంకెల పక్కన రచయిత్రి ఒక్క వ్యాఖ్యా రాయలేదు. అంకెలే మాట్లాడాయి.

ఆ తర్వాత ఆమె చేసిన ప్రతి పోరాటంలో బడి ఉంది. పట్నం బడుల్లో నల్లజాతి టీచర్లకు కొలువు ఇవ్వాలని 1919లో ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పోగు చేశారు. మరుసటి ఏడు ఆ గెలుపు దక్కింది. తెల్ల టీచర్లతో సమానంగా జీతం కావాలని కొలంబియా పట్నంలో నడిచిన దావాలో థర్‌గుడ్ మార్షల్ లాయరుగా నిలబడితే, ఈమె ఆయనకు తోడు నిలిచారు. 1945లో అదీ గెలిచారు. ఇక 1956లో సౌత్ కరోలైనా రాష్ట్రం ఒక చట్టం చేసింది. సర్కారు కొలువులో ఉన్నవాళ్ళు ఎన్.ఎ.ఎ.సి.పి. అనే నల్లజాతి హక్కుల సంఘంలో సభ్యులుగా ఉండరాదని దాని సారాంశం. క్లార్క్ తన సభ్యత్వాన్ని దాచలేదు, వదులుకోలేదు. కొలువు పోయింది. నలభై ఏళ్ల సర్వీసుకు రావలసిన పింఛనూ పోయింది. ఆమెకు అప్పుడు 58 ఏళ్లు. అందరం కలిసి ఎదిరిద్దామని తోటి టీచర్లకు 726 ఉత్తరాలు రాస్తే, జవాబు వచ్చినవి 26.

ఈ ఘట్టం చదివేటప్పుడు రిటైరైన పంతులుగా నా గుండె బరువెక్కింది. పింఛను అంటే ఏమిటో, అది వస్తుందన్న ధీమాతో మనిషి ఎంత నెమ్మదిగా ముసలితనంలోకి నడుస్తాడో నాకు తెలుసు. ఆమెకు ఆ పింఛను తిరిగి వచ్చింది 1976లో. ఆ ఇరవై ఏళ్లలో ఆమె చేసిన పనే ఈ పుస్తకానికి ఆయువుపట్టు.

టెనెసీ కొండల్లో హైలాండర్ ఫోక్ స్కూల్ అని ఒకటి ఉండేది. మైల్స్ హోర్టన్ పెట్టింది. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ ఒకే బల్ల మీద కూర్చుని తిని, ఒకే గదిలో మాట్లాడుకోవడం అక్కడ తప్పు కాదు. కొలువు పోకముందే, 1955 ఎండాకాలంలో, అక్కడ క్లార్క్ నడిపిన శిబిరానికి రోజా పార్క్స్ వచ్చారు. ఆ ఏడే డిసెంబరులో మాంట్‌గోమరీ బస్సులో పార్క్స్ తెల్లవాడికి సీటు వదలలేదు. లోకానికి ఆ బస్సు తెలుసు, శిబిరం నడిపిన పంతులమ్మ తెలియదు.

ఇప్పుడు జాన్స్ ఐలాండ్ దగ్గరికి మళ్ళీ రావాలి. ఆ దీవిలో ఈసా జెంకిన్స్ అనే ఆయన బస్సు నడిపేవారు. దీవి జనాన్ని పొద్దున్నే పట్నం పనులకు చేరవేసే బస్సు. ఓటరుగా నమోదు కావాలంటే రాష్ట్ర రాజ్యాంగంలోంచి అధికారి చూపిన భాగాన్ని చదివి చూపించాలని అక్కడి రూలు. జెంకిన్స్ బస్సులోనే ఆ భాగాలను నేర్పేవారు. ఆలిస్ వైన్ అనే ఆమె విని విని మొత్తం కంఠతా పట్టారు. అయినా ఆమెకు తృప్తి లేదు. అప్పజెప్పడం కాదు, చదవడం కావాలి. ఆ కోరికలోంచే పౌరసత్వ బడి పుట్టింది.

1957 జనవరి 7. జాన్స్ ఐలాండ్‌లో నల్లజాతి వాళ్ళు కొన్న ఒక పాత కట్టడం. ముందు గదిలో సహకార దుకాణం, వెనక గదిలో బడి. ముందర ఉప్పూ పప్పూ అమ్ముతుంటే వెనక ఏం జరుగుతోందని తెల్లవాళ్ళు అడగరు. పద్నాలుగు మంది వచ్చారు. పంటలు ఇంటికి చేరి కాస్త తెరిపి దొరికే చలికాలం కనుక వారానికి రెండు రాత్రులు బడి. పాఠం చెప్పింది క్లార్క్ గారి చుట్టాలమ్మాయి బెర్నీస్ రాబిన్సన్. ఆమె టీచరు కాదు. పట్నంలో ఆడవాళ్ళకు జుట్టు సింగారించే బ్యూటీ పార్లరు ఆమెది. శిక్షణ పొందిన టీచర్లను కావాలనే పక్కన పెట్టారు. ముసలి రైతులను చిన్నపిల్లల్లాగా కూర్చోబెట్టి ‘అ’ అంటే ఇది, ‘ఆ’ అంటే ఇది అని చెప్పేవాళ్ళు అక్కడ పనికిరారని క్లార్క్ వాళ్ళ నమ్మకం. ఇంకో సంగతి రచయిత్రి చక్కగా పట్టుకున్నది. రాబిన్సన్ దగ్గరికి వచ్చేవాళ్ళంతా నల్లజాతి ఆడవాళ్ళే, ఆమె తిండిగింజ తెల్లవాళ్ళ చేతిలో లేదు. టీచరును తీసేసినట్టు ఆమెను ఎవరూ తీసెయ్యలేరు.

రాబిన్సన్ పిల్లల వాచకాలు పట్టుకుపోయారు. చూడగానే ఈ పెద్దవాళ్ళకు ఇవి నప్పవని పక్కన పెట్టేశారు. తాను టీచరును కానని, కలిసి నేర్చుకుందామని చెప్పి, మీకేం కావాలని అడిగారు. పేరు రాయడం కావాలన్నారు. ఊరు విడిచి పోయిన పిల్లలు రాసే ఉత్తరాలు చదవడం కావాలన్నారు. బైబిలు చదవాలి, పేపరు చదవాలి, మనియార్డరు ఫారం నింపాలి. ఓటుకు కావలసిన రాజ్యాంగ భాగం సరేసరి. అదే వాళ్ళ వాచకమైంది. మందపాటి అట్ట ముక్క మీద పేరు రాసి ఇచ్చి, ఆ గీతల మీదుగా చెయ్యి తిప్పించడం క్లార్క్ నేర్పిన పద్ధతి. ఏళ్ల తరబడి గడ్డపార పట్టిన చెయ్యికి పెన్సిలు కొత్త. గట్టిగా నొక్కితే పెన్సిలు విరిగిపోయేది. ఇంకొకటిచ్చి మళ్ళీ తిప్పించేవాళ్ళు. ఆ గది గోడకు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన అంటించి, బడి ముగిసేనాటికి ఇది మీరంతా చదవాలని రాబిన్సన్ చెప్పారు. మనియార్డరు ఫారమూ, మానవ హక్కుల ప్రకటనా ఒకే గదిలో, ఒకే పలక మీద. ఈ రెండింటికీ మధ్య దూరం లేదని ఆ పంతులమ్మలకు తెలుసు. పెద్ద పెద్ద విద్యా ప్రణాళికలు రాసినవాళ్ళకు ఇది ఎందుకు తట్టలేదో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఒక్క గదిలో మొదలైన బడి పక్క దీవులకు, ఆపైన దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ పాకింది. 1961లో టెనెసీ సర్కారు హైలాండర్‌ను మూయించింది. మార్టిన్ లూథర్ కింగ్ నడిపే సంస్థ ఈ పనిని ఎత్తుకున్నది. జార్జియాలోని డార్చెస్టర్ కేంద్రంలో క్లార్క్, డొరొతీ కాటన్, ఆండ్రూ యంగ్ కలిసి ఊరూరి నుంచి వచ్చినవాళ్ళకు శిక్షణ ఇచ్చారు. వచ్చినవాళ్ళు రైతులు, మంత్రసానులు, బట్టలుతికే ఆడవాళ్ళు. వారం రోజులు నేర్చుకుని ఊరికి పోయి సొంత ఇంటి వసారాలోనో చర్చిలోనో బడి పెట్టేవాళ్ళు. ఇలా తయారైన టీచర్లు సుమారు పదివేల మంది. 1965లో ఓటుహక్కుల చట్టం వచ్చి చదువు పరీక్షలు రద్దయ్యేనాటికి, ఆ చట్టాన్ని అందుకుని నమోదు ఆఫీసుల ముందు నిలబడే మనుషులు ఊరూరా సిద్ధంగా ఉన్నారు.

ఒక్క చోట మాత్రం రచయిత్రితో నాకు పేచీ ఉంది. ఇద్దరు పంతులమ్మలూ ఒకే పని చేశారని ఆమె రెండుమూడు చోట్ల రాసింది. కాదు. ఆ తేడాను తేలిగ్గా తీసుకుంటే ఈశ్వరీబాయి గారి పని గొప్పతనమే మనకు అందదు.

అమెరికా దక్షిణాదిలో అక్షరాన్ని ఓటుకు అడ్డుగోడగా కట్టారు. మన దగ్గర ఆ గోడ లేదు. చదువు వచ్చినా రాకున్నా, ఆస్తి ఉన్నా లేకున్నా, ఇరవై ఒక్క ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటు ఉంటుందని రాజ్యాంగం రాసుకున్నాం. అంబేడ్కర్ గారూ ఆయనతో కూర్చున్నవాళ్ళూ ఆ ఒక్క వాక్యం రాయడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. 1951-52 ఎన్నికల్లో అక్షరం రాని కోట్లమంది కోసం పార్టీలకు గుర్తులు పెట్టి, అభ్యర్థికొక పెట్టె పెట్టి ఓట్లు వేయించారు. ఆ ఎన్నికల్లోనే, ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల్లో, సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు జాబితాలోంచి తీసేయవలసి వచ్చింది. ఫలానా ఆయన భార్యను, ఫలానా ఆయన బిడ్డను అన్నారే తప్ప సొంత పేరు చెప్పలేదు. చెప్పనీయలేదు. అంటే ఓటు ఇచ్చాం గానీ, నా పేరు ఇది అని అధికారి ముందు చెప్పగలిగే మనిషిని తయారు చేసుకోలేదు.

మన తెలంగాణలో ఓటు ముందొచ్చింది, అక్షరం వెనకబడింది. ఆ మధ్యకాలమంతా కాగితం రాజ్యమేలింది. పట్టా కాగితం, పహాణీ, రెవెన్యూ నకలు, కోర్టు సమను, అప్పుపత్రం. ఎవరి చేతిలో కాగితం ఉందో వాళ్ళదే భూమి. ఏలుముద్ర వేసిన మనిషికి తాను దేని మీద నిశాని వేశాడో తెలియదు. కరీంనగర్ జిల్లాలో నా తరం పంతుళ్ళకు ఇది పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. సాయంత్రం బడి విడిచిపెట్టే వేళకు చెట్టుకింద నలుగురైదుగురు రైతులు కాగితాలు పట్టుకుని, ‘పంతులూ, గిదేందో జర సదివి చెప్పు’ అని కూర్చుండేవాళ్ళు. ఓటున్న మనుషులు వాళ్ళు. తమ సర్కారు తమకే రాసిన కాగితాన్ని చదివించుకోవడానికి ఇంకొకరి దయ మీద ఆధారపడ్డ మనుషులు.

ఈశ్వరీబాయి గారి పని ఇక్కడ మొదలవుతుంది. తండ్రి రైల్వే ఉద్యోగి. మిషన్ బడిలో, ఆ తర్వాత సికింద్రాబాద్ కీస్ హైస్కూల్లో చదువు. పదమూడో ఏట పెళ్లి, పూనాలో కాపురం. బిడ్డను పట్టుకుని సికింద్రాబాద్‌కు తిరిగి వచ్చాక సొంత కాళ్ళ మీద నిలబడడానికి ఎంచుకున్న కొలువు బడిపంతులమ్మది. పరోపకారిణి బడిలో పనిచేస్తూ, బిడ్డ పేరుతోనే గీతా విద్యాలయం పెట్టారు. ఆమె శూన్యంలో మొదలుపెట్టలేదన్నది రచయిత్రి సరిగా గుర్తుచేసింది. భాగ్యరెడ్డివర్మ గారు 1910లో ఇసామియా బజారులో మొదలుపెట్టిన ఆది హిందూ బడులు అప్పటికే హైదరాబాద్ బస్తీల్లో దళిత పిల్లలకు తెలుగులో చదువు చెప్పాయి. ఆ బడుల పుణ్యమా అని, దళిత వాడలో బడి అన్నది ఎవరో పైనుంచి పెట్టే భిక్ష కాదు, మనం పెట్టుకునేది అన్న తలంపు జంటనగరాల్లో నాటుకున్నది.

చిలకలగూడ బస్తీ ఆమెను మునిసిపల్ కౌన్సిలరుగా ఎన్నుకున్నది. నల్లా నీళ్ళు, దీపాలు, రోడ్లు. పంతులమ్మకు ఇల్లిల్లూ తెలుసు, ఏ ఇంట్లో పిల్ల బడి మానేసిందో తెలుసు. షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌లో, అంబేడ్కర్ పోయాక రిపబ్లికన్ పార్టీలో పనిచేశారు. 1967లోనూ 1972లోనూ ఎల్లారెడ్డి నుంచి శాసనసభకు గెలిచారు. 1969 తెలంగాణ ఉద్యమంలో జైలుకు పోయారు. అప్పటి కృష్ణా జిల్లా కంచికచెర్లలో 1968లో కోటేశు అనే దళిత యువకుణ్ణి సజీవంగా తగలబెట్టినప్పుడు సభలో ఆమె గొంతు లేచింది. ఆ గొంతు గురించి ఈ పుస్తకంలో వివరంగా ఉంది, నేను మళ్ళీ చెప్పడం అనవసరం. నేను చెప్పదలచినది ఒక్కటే. తరగతిగదిలో పిల్లవాడు తప్పు చదివితే ఊరుకోని అలవాటు ఆమెను సభలోనూ విడిచిపెట్టలేదు. మంత్రి చదివిన కాగితంలో ఏముందో, ఏం లేదో ఆమె అడిగేవారు. దళితుల ఓట్లు అందరికీ కావాలి, దళితుల ప్రశ్నలు ఎవరికీ అక్కర్లేదు అన్న రోజుల్లో ఆ ప్రశ్నలను సభలో నిలబెట్టిన పంతులమ్మ ఆమె.

ఎల్లారెడ్డి కథ ఈ పుస్తకంలో ఇంకా కొంత ఉండవలసింది. అప్పటి నిజామాబాద్ జిల్లా పల్లెటూళ్ళు సికింద్రాబాద్ బస్తీ కావు. అక్కడి జనం ఈ పట్నం పంతులమ్మను రెండుసార్లు ఎందుకు గెలిపించారో, ఓటేసినవాళ్ళలో అక్షరం వచ్చినవాళ్ళు ఎందరో ఊహించుకోవడానికి పాఠకుడికి ఇంకొన్ని పేజీలు కావాలనిపిస్తుంది. చదువురాని ఓటరు చదువుకున్న ఆడమనిషిని తన గొంతుగా ఎంచుకోవడం చిన్న సంగతి కాదు. క్లార్క్ గారి ఊళ్ళో చదువు వచ్చాక ఓటు వచ్చింది. ఇక్కడ ఓటుతో చదువును సభకు పంపారు.

జాన్స్ ఐలాండ్ అధ్యాయం చదువుతుంటే నాకు కోరుట్ల వైపు బీడీ కార్మికుల వాడలో నడిపిన రాత్రి బడి యాదికొచ్చింది. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచిన రోజులు. ఆడవాళ్ళు ఒళ్ళో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, తంబాకు పోసి చుడుతూనే పాఠం వినేవాళ్ళు. చేతులు ఆగితే వెయ్యి బీడీలు పూర్తికావు. సర్కారు పంపిన వాచకం తీసి మొదటి పాఠం మొదలుపెట్టాను. ఒకామె తల ఎత్తకుండానే, ‘సారూ, గవి తర్వాత. ముందుగాల ఈ కార్డుల అంకెలు సెప్పు’ అన్నది. రోజూ ఎన్ని బీడీలు ఇచ్చారో టేకేదారు రాసే కార్డు అది. ఆ రాత్రి నుంచి అక్షరాలు ఆగి అంకెలు ముందుకొచ్చాయి. కొన్నాళ్ళకు వాళ్ళు కార్డులు పక్కపక్కన పెట్టి చూసుకోవడం మొదలుపెట్టారు. వెయ్యి ఇచ్చినచోట తొమ్మిది వందలు రాసి ఉన్నది ఒకరిద్దరి కార్డుల్లో కాదు. పది మంది ఆడవాళ్ళు కలిసి పోయి, కార్డు చూపించి, వేలు పెట్టి, ఇది దిద్దు అన్నారు. దిద్దాడు. ఆ తర్వాత అక్షరాలు నేర్పడానికి నేను బతిమాలవలసిన అవసరం రాలేదు. వాళ్ళ ఒక్క ప్రశ్న నాకు ఏ శిక్షణ కళాశాలా చెప్పని పాఠం చెప్పింది. బెర్నీస్ రాబిన్సన్ గది గురించి చదివినప్పుడు, మా వాడ ఆడవాళ్ళ మాటే సముద్రం అవతల ఎవరో ముప్ఫయ్యేళ్లు ముందు అన్నారని తెలిసి ఒళ్ళు పులకరించింది.

అదే ఉద్యమంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు వాచకంలోని ఒక పాఠం చదివి సారా దుకాణం మూయించిన సంగతి అందరికీ తెలిసిందే. ఆ కదలిక 1992లో జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఓటు అడిగేవాళ్ళ చేత మాట ఇప్పించుకున్న ఆడవాళ్ళు వాళ్ళు.

ఇక ఆదిలాబాద్. మా ఉత్తర తెలంగాణ పాఠకులు ఈ పుస్తకం పట్టుకుని తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. మన గోండు గూడేల సంగతేమిటని. గోండు తిరుగుబాటు నాయకుడు కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాక, అడవిలో ఎందుకు ఇంత మంట రేగిందో తెలుసుకోవాలని నిజాం సర్కారు మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయనా ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. భూములు ఎందుకు పోతున్నాయని చూస్తే, చాలాచోట్ల జవాబు కాగితమే. అడవి కొట్టి, దున్ని, తరాలుగా బతికిన భూమికి పట్టా ఇంకొకరి పేరున ఉంటుంది. అక్కడ 1943లో పంతుళ్ళ శిక్షణ కేంద్రం పెట్టారు. గోండు యువకులనే ఎంచి, గోండి మాటలతో దేవనాగరి లిపిలో వాచకాలు అచ్చు వేసి, వాళ్ళనే తమ గూడేలకు పంతుళ్ళుగా పంపారు. బయటి పంతులు గూడెంలో నిలవడు, నిలిచినా పిల్లల మాట అతనికి రాదు. తమ మనిషే పంతులైతే పిల్లవాడు మొదటి రోజే నోరు విప్పుతాడు. ఆ గోండి వాచకాలు తర్వాతి కాలంలో బడి నుంచి తప్పుకున్నాయి. దాని నష్టం ఉట్నూరు, జైనూరు వైపు ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసిన ఏ టీచరును అడిగినా చెబుతారు.

మార్లవాయిని రచయిత్రి ఎందుకు వదిలిపెట్టిందో నాకు తెలుసు. ఆమె వెతికింది పంతులమ్మలను, అక్కడ శిక్షణ పొందింది మగవాళ్ళు. అయినా జాన్స్ ఐలాండ్‌లో టీచరు కాని రాబిన్సన్‌నూ, మార్లవాయి గోండు యువకులనూ ఎదురెదురుగా పెట్టి చూస్తే, ఈ పుస్తకం చెప్పే సంగతి ఇంకా బలపడుతుంది. ఎవరిని వెలివేశారో వాళ్ళలోంచే పంతులు రావాలి. ఈశ్వరీబాయి అలా వచ్చినవారే, క్లార్క్ అలా వచ్చినవారే.

ఉద్యమాల్లో ఆడవాళ్ళ చోటు గురించి రచయిత్రి రాసిన చివరి అధ్యాయం ఈ పుస్తకంలో నాకు అన్నిటికంటే విలువైనది. కింగ్ నడిపిన సంస్థ కార్యవర్గంలో కూర్చున్న మొదటి మహిళ క్లార్క్. అక్కడి పాస్టర్లు, నాయకులు ఆడవాళ్ళ మాట వినేవాళ్ళు కాదని ఆమె మొహమాటం లేకుండా చెప్పారు. ఊరేగింపులకు ఎప్పుడూ మీరే ముందు నడవకండి, ఊళ్ళల్లోని వేరేవాళ్ళను నాయకులుగా తయారు చేయండని కింగ్‌కు ఉత్తరం రాస్తే, ఆయన దాన్ని చదివి వినిపించినప్పుడు సిబ్బంది నవ్వుకున్నారట. ఆమెకు కింగ్ అంటే గౌరవం తగ్గలేదు, చెప్పడం మానలేదు. కొలువు పోగొట్టుకున్న ఊళ్ళోనే, 1975లో, చార్లెస్టన్ కౌంటీ స్కూల్ బోర్డుకు ఎన్నికై కూర్చున్నారు. 1987 డిసెంబరులో కన్నుమూశారు. ఈశ్వరీబాయి గారు 1991 ఫిబ్రవరిలో పోయారు.

వాళ్ళు మొదలుపెట్టిన పని ఇంకా ముగియలేదు. 2011 జనగణనలో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా ఆడవాళ్ళలో అక్షరం వచ్చినవాళ్ళు నూటికి 51 మంది. కరీంనగర్‌లో 55 మంది దాకా. పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్ళకు ఇచ్చుకున్న రాష్ట్రం మనది. సర్పంచ్ కుర్చీలో భార్య పేరు, తీర్మానం పుస్తకంలో భర్త చేతిరాత ఉన్న ఊళ్ళు నేను చూశాను. పక్క ఊళ్ళోనే, పదో తరగతి దాకా చదివిన ఒక ఆడబిడ్డ సర్పంచ్ అయి, బిల్లులో రాసిన సిమెంటు బస్తాల లెక్కకూ పోసిన రోడ్డు పొడవుకూ పొంతన లేదని గ్రామసభలో నిలబడి అడగడమూ చూశాను. ఆ బిడ్డకు చదువు చెప్పిన పంతులమ్మ ఎవరో ఏ పుస్తకంలోనూ ఉండదు. అందుకే ఈ పుస్తకం డైట్ కళాశాలల్లో చదివే పిల్లల చేతికి, ముఖ్యంగా రేపు గిరిజన, సాంఘిక సంక్షేమ గురుకులాల్లో టీచర్లుగా చేరబోయే ఆడపిల్లల చేతికి చేరాలని నా కోరిక. వాళ్ళు దీన్ని పరీక్ష కోసం చదవకూడదు. తమ వంశవృక్షం లాగా చదవాలి.

రచయిత్రికి పెద్దవాణ్ణిగా ఒక పని అప్పజెబుతున్నాను. ఉట్నూరు ఏజెన్సీ ఆశ్రమ బడుల్లో తొలినాళ్ళలో పనిచేసిన గోండు, కొలాం, లంబాడా ఆడబిడ్డలు ఉన్నారు. రోడ్డు లేని గూడేనికి వాగు దాటి పోయి, పిల్లల తలలు దువ్వి, జ్వరం వస్తే రాత్రంతా కూర్చుని, పట్టా కాగితాలు చదివి పెట్టిన పంతులమ్మలు. వాళ్ళలో చాలామంది ఇప్పుడు రిటైరయ్యారు, కొందరు మంచాన పడ్డారు. వాళ్ళ కథలు ఇంకా కాగితం మీదికి రాలేదు. బిడ్డా, ఈ పుస్తకం అచ్చు పని ముగిసిన వెంటనే నువ్వు ఆసిఫాబాద్ బస్సెక్కాలె.

కరీంనగర్